వాన సాక్ష్యము: మన సీమలో శీతోష్ణస్థితిపై లోకాభిప్రాయము



ఎవరి పేరిట ఈ యుపన్యాసము ఏర్పడినదో ఆ పెద్దమనిషి వృత్తిచేత బడిపంతులు, వ్యసనముచేత వానలెక్క వ్రాయువాడు. బడి పెరటిలో వర్షమాపకము నొకదానిని నిలిపి, ప్రతి యుదయమును 8.30 గంటలకు అందులోని నీటిని కొలిచి, చుక్క పడని నాడు సున్న చుట్టుట సైతము మఱవక, 30 సంవత్సరముల లెక్కను నోటుపుస్తకములలో నింపి వెళ్లెను. ఊరివారు ఆయనను ‘వానల అయివోరు’ అని వెనుక నవ్వుకొనెడివారు. నేనును ఆ నవ్వినవారిలో నొకడనే గనుక, నేటి విషయమును ఎంచుకొనుటలో కొంత ప్రాయశ్చిత్తము కూడ కలదు.

కాలము మారినదా యని మదనపల్లె టమాటా రైతు మొదలుకొని బంగారుపాళెము మామిడితోట కాపు వఱకు ఎవ్వరి నడిగినను, మారక యేమి, ముంగారు వాన అదనుకు పడి యెన్నేండ్లయినదని ఎదురు ప్రశ్నయే వచ్చును. పశ్చిమదేశములలో నీ విషయమును గూర్చి విద్యావంతులు సైతము రెండు పక్షములై వాదులాడుకొనుచుండగా, మన సీమలో ప్రతిపక్షమే కానరాదు. ఇది మనకు గర్వకారణమని కొందఱందురు. నాకు మాత్ర మందు సందేహము కలదు. విచారణ లేక కలిగిన యంగీకారము, విచారణ లేని నిరాకరణమువలెనే, గాలివాటున పోవునది.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమువారు సీవోటరు సంస్థతో గలిసి 2021 అక్టోబరు మొదలు 2022 జనవరి వఱకు మన దేశమున 4,619 మందిని ప్రశ్నించిరి. భూతాపమును గూర్చి తమకు కొద్దిగా మాత్రమే తెలియుననియో, అసలు వినలేదనియో నూటికి 54 మంది చెప్పిరి. అది యేమో రెండు మాటలలో వివరించి మరల నడుగగా, అది నిజముగా జరుగుచున్నదని 84 మంది యనిరి. అందులకు ముఖ్యకారణము మానవుని చేతలే యన్నవారు మాత్రము 57 మంది. సంతలో నిత్యము చూచు మనిషిని పేరుతో నడిగిన నెఱుగమని, ముఖము చూపిన ‘ఇతడా!’ యనునట్లున్నది మన జనుల జ్ఞానము. ముఖము తెలియును, పేరు తెలియదు, వంశమును గూర్చి తలకొక మాట.

ఆ ప్రశ్నలు దేశమున తిరుగుచున్న కాలముననే, 2021 నవంబరు 18న తిరుపతిపై ఆకాశము విరిగిపడినది. కపిలతీర్థమున కొండనీరు మండపమును తాకి పాడుచేసెను. తిరుమల కనుమదారులు మూతపడెను. స్వర్ణముఖి యొడ్డులు దాటెను. మఱునాటి వేకువను చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు పల్లెలను ముంచెను. రామచంద్రాపురము మండలమున రాయలచెఱువు కట్ట నీరూరుచున్నదని వినగానే దిగువ గ్రామములవారు బిడ్డలతో, పసరములతో తరలిపోయిరి. చెఱువు మొరవ పాఱినచో పసుపు కుంకుమలు చల్లి మ్రొక్కు సీమలో నీటిని చూచి జనులు పరుగెత్తిరి. అంతకు ముందు వానలే పోయినవని వగచిన నోరే, ఇట్టి వాన నా జన్మలో చూడలేదని పలికెను. రెండు మాటలును సత్యములే. కాని తన జన్మ యను కొలబద్ద పొట్టిది. 1876–78 నాటి ధాత కరువును చూచినవారు మన నడుమ నొక్కరును లేరు.

సత్యప్రమాణములకు మన చిత్తూరు జిల్లాలో కాణిపాకము కలదు. అక్కడ బాహుదానదీ తీరపు ఆలయమున కోనేట మునిగి ప్రమాణము చేసిన వాని మాటకు తిరుగులేదని నమ్మకము. అయినను ఒకడు తాను చూచినదానికి మాత్రమే ప్రమాణము చేయగలడు. తార్కికుల పరిభాషలో చెప్పవలెనన్న, వాన ప్రత్యక్షము. శీతోష్ణస్థితి అనుమానప్రమాణమున మాత్రమే తెలియునది, ఏలయన శాస్త్రజ్ఞులు ఆ పేరిట వ్యవహరించునది 30 ఏండ్ల సగటు. రైతు సాక్షిగా ఉత్తముడు. న్యాయమూర్తి పీఠమున అతనిని కూర్చుండబెట్టుట అతనికిని న్యాయము కాదు.

ఈ భేదమును మఱచుటవలన కలుగు చిక్కులు చిన్నవి కావు. పూర్వపు చిత్తూరు జిల్లా సగటు వర్షపాతము ఏటికి ఇంచుమించు 930 మిల్లీమీటర్లు. అనంతపురముతో పోల్చిన మనము భాగ్యవంతులము. నైరృతి ఋతుపవనము మోసగించినను, ఈశాన్యము కొంత ఆదుకొనును. అయినను బోరు ఎండిన ప్రతివాడు వాన పోయినదనుచున్నాడు. పొరుగువాడు తనకంటె నూరడుగులు లోతు దింపిన సంగతి చెప్పడు. చెఱువు గర్భమున ఇల్లు కట్టినవాడును, నీరు నడుమింటికి వచ్చిననాడు, కాలము మారినదని నిట్టూర్చును! నిజముగా మారుచున్న కాలము ఇట్టివారి కందఱకును చక్కని చాటు. మారుచున్నదనుటలో సందేహము లేదు: 1901 మొదలు 2018 వఱకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగినది. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు నూటికి 7 పాళ్లు అధికముగా ఆవిరిని మోయగలదు. కావున ఎండబెట్టుటయు, ముంచెత్తుటయు నొక్క కారణమునుండియే పుట్టవచ్చును. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగినచో భూమి వేడెక్కునని స్వీడనువాడగు అర్హీనియస్ 1896లోనే లెక్కగట్టినాడు.

ఇట్టి విషయములు గ్రామమునకు చేరు మార్గమేది? గాదంకి యొద్ద, తిరుపతి దారి ప్రక్కనే, 1,024 యాంటెన్నాలతో ఆకాశమును పరీక్షించు రాడారొకటి కలదు. బస్సులో ఆ దారిని పోవువారిలో దాని నెఱిగినవారు స్వల్పము. పంచాంగ శ్రవణమునకు మాత్రము ఊరంతయు వచ్చును. ఈ యేట ఎన్ని తూముల వాన, అందు సముద్రమున పది పాళ్లు, పర్వతములపై ఆఱు, భూమిపై నాలుగు అని సిద్ధాంతిగారు చదువగా, వృద్ధులు తల లూపుదురు. దానిని పరిహసించుట నా యుద్దేశము కాదు. వానను కొలతగా వినుటకు మన జనుల చెవులు వందల యేండ్లుగా సిద్ధమైయున్నవని చూపుటయే నా తాత్పర్యము. కోష్ఠాగారమున మూరెడు వెడల్పు మూతిగల వర్షకుండమును నిలుపవలెనని కౌటిల్యుడు విధించిన దేశమిది. ఉగాదినాడు రాబోవు వానతోపాటు, గడచిన యేట ఆ యూర నిజముగా పడిన వానను, అంతకు ముందు 30 ఏండ్ల సగటును కూడ చదివినచో, లోకాభిప్రాయమునకు కాళ్లు నిలుచును.

మా అయివోరి పుస్తకములు నాయొద్ద నున్నవి. అవి మార్పును నిరూపించునా యని మీరడుగవచ్చును. నిరూపింపవు. 30 ఏండ్ల లెక్క ఒక సగటును మాత్రమే యిచ్చును. మార్పు తెలియుటకు దానిప్రక్కన నిలుపదగిన రెండవ ముప్పదేండ్లు కావలెను, అవి ఆయనతోనే ఆగిపోయినవి. వర్షమాపకము ఇంకను బడి పెరటిలోనే కలదు, గరాటు కొంచెము సొట్టపడినది. ఈ సభలోని ఉపాధ్యాయులలో నొక్కరు రేపు ఉదయము 8.30 గంటలకు అచ్చటికి రాగలరా? పుస్తకము నేను తెచ్చెదను.