జీవన వేతనము – నమ్మదగిన లెక్క



మన వేంసూరు ప్రాంతపు తోటలలో పామాయిల్ గెలలు కోయువారు అనేకులు. లోకములో పామాయిల్ కొను పెద్ద కంపెనీలు కొన్ని, సరుకు వెనుకనున్న కూలీకి జీవన వేతనము దొరకవలెనని ఒప్పుకొన్నవి. సంతోషమే. అయితే ఎవరు వేసిన లెక్కను నమ్మవలెను?

1957లో 15వ భారత కార్మిక మహాసభ కనీస వేతనమునకే ఒక కొలత పెట్టినది: పెద్దవారికి దినమునకు 2700 కేలరీల ఆహారము, నలుగురున్న ఇంటికి ఏటికి 72 గజముల బట్ట, ఇంటి అద్దె, ఇవిగాక వంటచెరకు, దీపము వగైరాలకు మొత్తములో 20 శాతము. పిల్లల చదువు, వైద్యము, పండుగలు, వృద్ధాప్యమునకు 25 శాతము ఉండవలెనని 1991లో సుప్రీంకోర్టు చెప్పినది. జీవన వేతనము ఇంతకు తగ్గరాదు.

కాబట్టి లెక్క తెచ్చినవారిని మనము అడుగుదము. ధరలు సత్తుపల్లి అంగళ్లలో విచారించినవా, పట్టణములో కూర్చుండి వ్రాసినవా? ఏ సంవత్సరపువి? ఇంటిలో తినువారెందరు, సంపాదించువారెందరు? పని దొరకని దినములు లెక్కకు వచ్చినవా? టన్నుకింతని ఇచ్చు కూలి, దినమునకెంత పడును? వీటికి విప్పి చూపగలిగినదే నమ్మదగిన లెక్క.

ఇంకొక మాట. కూలి ఇచ్చు చిన్న రైతును, పుచ్చుకొను కూలీయు మన గుడిలో ఒకే చాపమీద కూర్చుందురు. గెల ధర నిర్ణయించువాడు రైతు కాడు. కంపెనీ తాను ఒప్పుకొన్న వేతనమును తానిచ్చు ధరలో చూపనియెడల, ఆ భారము వీరిద్దరి నడుమ తగవై మిగులును.