ఎడమచేతి వాటపు పిల్లకు లేసు అల్లిక నేర్పుట



ఇంటిలో పిల్లకు లేసు అల్లిక నేర్పబూనిన తల్లికి ఒక్కొక్కప్పుడు తొలిదినముననే ఒక చిక్కు ఎదురగును. కొక్కెపు సూదిని కుడిచేతికి అందించినచో పిల్ల దానిని మెల్లగా ఎడమచేతికి మార్చుకొనును. తల్లి మరల కుడిచేతిలో పెట్టును. రెండు మూడు పర్యాయములు ఇట్లు జరిగిన పిమ్మట, “పుర్రచేతి పిల్లకు ఈ పని అబ్బదు” అని పెద్దలు తీర్మానింతురు. పిల్లయు ఆ మాటనే నమ్మును. ఈ తీర్మానము తొందరపాటని చెప్పుటయే ఈనాటి మన ప్రసంగము.

లోకమున ఇంచుమించు పదిమందిలో ఒకరు ఎడమచేతి వాటము కలవారు. అది దురలవాటు కాదు, మొండితనమును కాదు. మన ఇండ్లలో భోజనము, ఇచ్చిపుచ్చుకొనుట కుడిచేతితోనే జరుగవలెనను కట్టుబాటు కలదు గనుక, కుడిచేత అన్నము తిను పిల్ల సైతము చేతిపనిలో ఎడమవాటము కలది కావచ్చును. బంతి ఏ చేత విసరుచున్నదో, దువ్వెన ఏ చేత పట్టుచున్నదో గమనించినచో తెలియగలదు. ఐనను అల్లికలో ఒక చేయి సూదిని నడుపును, రెండవ చేయి దారమును అందించును. రెంటికిని పని కలదు. కావున రెండు విధములను రెండు దినములు ప్రయత్నింపనిచ్చి, ఏది సుఖముగ నున్నదో పిల్లనే చెప్పుకొననీయవలెను.

గోదావరి డెల్టాలో ఈ విషయమునకు మరింత బరువు కలదు. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల వలన వచ్చిన ఈ అల్లిక నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో వేలాది స్త్రీలకు ఇంటిపట్టున చేసుకొను పని ఐనది. నరసాపురము లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి ఇండ్లలో ఒక పిల్లను సూదికి దూరము చేయుట, చేతికందు నాలుగు డబ్బులకును, నలుగురితో కూర్చుండి పనిచేయు అరుగునకును దూరము చేయుటయే యగును.

ఇక నేర్పు పద్ధతి. కుడిచేతి పిల్లను మనము ప్రక్కన కూర్చుండబెట్టుకొందుము. ఎడమచేతి పిల్లను ఎదుట కూర్చుండబెట్టుకొనవలెను. అప్పుడు మన కుడిచేయి ఆమె ఎడమచేతికి అద్దములోని నీడవలె కనబడును. మన చేయి ఎటు కదలిన ఆమె చేయి అటే కదలును. నేర్పునపుడు “కుడి”, “ఎడమ” అను మాటలు వాడరాదు. “సూది చేయి”, “దారపు చేయి” అని చెప్పినచో తికమక ఉండదు. సూదికి కుడి ఎడమల భేదము లేదు గనుక వేరు సూది కొననక్కరలేదు. కత్తెర మాత్రము అట్లు కాదు. దాని అలుగుల అమరిక కుడిచేతికి తగినది గనుక దారము సరిగా తెగకపోయిన పిల్లను కోపింపరాదు.

మొదటి వారము సన్నని లేసు దారము వలదు. లావు దారమును, లావు సూదిని ఇచ్చి ఇరువది గొలుసు కుట్లు వేయించి, విప్పించి, మరల వేయింపవలెను. గొలుసు కుట్లన్నియు ఒకే తీరున వచ్చిన పిమ్మటనే నిలువు కుట్లకు పోవలెను. మనము వరుసను కుడి నుండి ఎడమకు అల్లుదుము. ఆమె ఎడమ నుండి కుడికి అల్లును. గుండ్రని పువ్వు అల్లునపుడు ఆమె పని గడియారపు ముల్లు తిరుగు దిశగా సాగును. మనది దానికి ఎదురు. ఇది తప్పు కాదు, సరిదిద్దనక్కరలేదు.

గడుల కాగితము చూచి అల్లునపుడు ఆమె మొదటి వరుసను ఎడమ ప్రక్క నుండి చదువవలెను. అప్పుడు చిలుకయైనను, అక్షరమైనను కాగితముపై నున్నట్లే వచ్చును. మాటలలో వ్రాసిన పద్ధతిని అనుసరించినచో బొమ్మ తిరగబడును. గడుల అల్లిక రెండు వైపులను ఇంచుమించు ఒకే తీరున నుండును గనుక, గుడ్డను త్రిప్పి పరచిన అదియు చక్కబడును. రవిక వంటి వానిలో మాత్రము కుడి భాగము ఎడమకును, ఎడమ భాగము కుడికిని మారునని ముందే గుర్తింపవలెను.

నలుగురు అల్లిన పువ్వులను ఒక్కటిగా చేర్చు అతుకుపనిలో మరియొక జాగ్రత్త కలదు. రేకులు సమముగా విచ్చిన పువ్వులు ఎవరివైనను కలిసిపోవును. సుడివలె తిరిగిన పువ్వులలో భేదము కంటికి తెలియును. ఆమె అల్లిన వానిని ఒకే బల్లగుడ్డకు ఉపయోగింపవలెను. ఒకరు సగము అల్లిన పువ్వును ఇంకొకరు పూర్తిచేయుట కష్టము గనుక, ఆమె పువ్వును ఆమెయే ముగింపవలెను.

భారతమున ఎడమచేతితో సైతము బాణము సంధింపగల అర్జునుని సవ్యసాచియని పొగడుదుము. మన ఇంటి పిల్ల ఎడమచేత సూది పట్టినప్పుడు మాత్రము చేతిపై కొట్టుట న్యాయము కాదు. రేపు ఆమె ఎదుట చాప పరచుకొని కూర్చుండుడు. తొలి ఇరువది గొలుసు కుట్లు అల్లువరకు ఓపిక పట్టుడు.