ఊపిరి మనది, గాలి యందఱిది
(ఇంద్రేశము సభలో మా ప్రసంగము)



వానకాలము ముదురగనే బీళ్లలో, బాటల ప్రక్కల వయ్యారిభామ విరియబూయును. తెల్లవాఱగనే తుమ్ములు, కండ్లమంట. ఈ బాధకు మనస్సు మందగునా యని మీరు మమ్మడిగితిరి.

మనస్సునకు బలము కలదు. 1886లో అమెరికా వైద్యుడు మెకెంజీ, గులాబి గిట్టని యొక రోగికి కృత్రిమపుష్పమును చూపగనే తుమ్ములు మొదలైనవి. పుప్పొడి లేదు, భయమే చాలినది. భయము బాధను రేపగలిగినచో శాంతము కొంత తగ్గింపగలదు. 2005లో స్విట్జర్లండులోని బాసెలు వైద్యులు, ఆత్మసమ్మోహనము నభ్యసించిన రోగులకు కొంత యుపశమనము కలుగుట గమనించిరి.

కావున దినమునకు పది నిమిషములు నిటారుగ కూర్చుండి, పీల్చినదానికంటె నెమ్మదిగ ఊపిరి విడువుడు. ఇది మందునకు తోడేగాని మందునకు మారు కాదు. ఉబ్బసము గలవారు పీల్చెడి మందును మానరాదు. ఆయాసముచే మాట రానిచో ఆసుపత్రికి పోవలెను.

మఱియొక మాట. పొగయు ధూళియు ముక్కుపొరలను రేపి పుప్పొడిబాధను హెచ్చించును. పటాన్‌చెరు కర్మాగారముల కాలుష్యముపై 1990లోనే సుప్రీంకోర్టునందు వ్యాజ్యము నడచినది. డాక్టరు అల్లాని కిషన్‌రావు ఏండ్లతరబడి పోరాడిరి. గాలిని చెఱచి, శాంతముగ పీల్చుకొను డని జనులకు బోధించుట న్యాయము కాదు.

ప్రాతఃకాలమున శ్వాసను సాధింపుడు. వయ్యారిభామను పూతకు రాకమునుపే, చేతులకు తొడుగులు వేసికొని, మొదలంట పెఱికివేయుడు. దుర్వాసన వచ్చిన దినమును, వేళను గుర్తించి కాలుష్యనియంత్రణ మండలికి వ్రాయుడు. ఊపిరిని మనము నిగ్రహింతము. పొగను వారు నిగ్రహింతురు గాక!