స్టీరాయిడు మందు మానుకొను విధము
(డైరీ ఫార్మ్‌లో చేసిన ప్రసంగ పాఠము)



డైరీ ఫార్మ్‌లో ఇద్దరు తెలుగువారు కలిసికొన్నచో, నౌక ఎన్నడు వచ్చును, ఊరినుండి ఏమేమి తెప్పించుకొనవలెను అను మాటలే ముందు వచ్చును. కీళ్ళవాతము గల ఇంటిలో ఆ పట్టికయందు ఆవకాయ జాడీతోపాటు మాత్రల డబ్బా కూడ చేరును.

అట్టి ఇంటి గృహిణిని ఒకతెను ఊహించుకొనుడు. ఆమెకు తెల్లవారగనే వ్రేళ్ళు ముడుచుకొనవు. పాలగిన్నె దింపుటకు చేయి రాదు. వైద్యుడు ప్రెడ్నిసొలోన్ మాత్రలు వ్రాసియిచ్చెను. నాలుగు దినములలో ఆమె లేచి పిండి రుబ్బెను. ఏడాది గడచునప్పటికి మొగము గుండ్రమయ్యెను. "కోడలికి అండమాను నీరు పడినది, ఒళ్ళు చేసినది" అని అత్తగారు సంతసించిరి. రక్తములో చక్కెర పెరిగినదనియు, ఎముకలు పలుచబడినవనియు తెలిసిన నాడు ఆ అత్తగారే "ఈ పాడు మందు నేటితో మానివేయుమమ్మా" అనిరి. ప్రేమతో అన్న మాటయే. కాని ప్రాణాపాయము ఆ మాటలోనే యున్నది.

ఈ మందు పుట్టినప్పుడు లోకము దీనిని అమృతమనుకొన్నది. 1948 సెప్టెంబరు 21వ తేదీన అమెరికాలోని రోచెస్టరు పట్టణమున మేయో క్లినిక్ వైద్యుడు ఫిలిప్ హెంచ్, కీళ్ళవాతముతో మంచము పట్టిన 29 ఏండ్ల స్త్రీకి కార్టిసోన్ సూదిమందు మొదటిసారి ఇప్పించెను. వారము తిరుగకముందే ఆమె లేచి నడిచెను. 1950లో హెంచ్, కెండాల్, రైఖ్‌స్టైన్ అను మువ్వురకు నోబెల్ బహుమతి లభించెను. కాని మందు ఆపగనే వ్యాధి తిరిగివచ్చుటయు, ఎక్కువకాలము వాడిన దేహము చెడుటయు త్వరలోనే తెలియవచ్చెను. మందును ఇచ్చుట నేర్చిన వైద్యలోకమునకు మాన్పించుట నేర్చుకొనుటకు మఱి కొన్ని దశాబ్దములు పట్టినది.

ఉన్నట్టుండి ఏల మానరాదు? మూత్రపిండములపై టోపీలవలె అధివృక్క గ్రంథులు రెండు కలవు. తలలోని పీయూష గ్రంథి ఆజ్ఞానుసారము అవి దినదినము కార్టిసాల్ అను పదార్థమును తయారుచేయును. రక్తపుపోటును నిలుపుటకు, జ్వరమునకు దెబ్బకు తట్టుకొనుటకు ఇదియే ఆధారము. వారములు, నెలల తరబడి అదే సరకు మాత్రల రూపమున బయటినుండి వచ్చుచుండగా తలలోని ఆజ్ఞ నిలిచిపోవును. ఆఫీసు భాషలో చెప్పవలెనన్న, ఏండ్లుగా ఇండెంటు రాని స్టోరువలె గ్రంథి మూతపడును. ఒక్క తంతి కొట్టి రేపే సరకు పంపుడనిన, అచట తాళపుచెవులైనను దొరకవు!

కావున మెట్లు దిగినట్లు దిగవలెను. పెద్ద మోతాదునుండి కొంత వేగముగనే దిగవచ్చును. దేహము తనంతట చేసికొను కార్టిసాల్ ఇంచుమించు దినమునకు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కు సమానము. ఆ హద్దు సమీపించిన పిదప నెలకు 1 మిల్లీగ్రాము చొప్పున మాత్రమే తగ్గించు వైద్యులు పెక్కురు. ఈ చివరి మెట్లే కష్టమైనవి. నీరసము, ఒళ్ళునొప్పులు, వికారము కలుగును. ఇది గ్రంథి నిద్రలేవకపోవుటయా, వ్యాధి తిరగబెట్టుటయా అను సందేహము రోగికే కాదు, వైద్యునికిని కలుగును. కీళ్ళు వాచి వేడెక్కినచో వ్యాధినే అనుమానింతురు. వాపు లేని నీరసమైనచో ఉదయమున రక్తములో కార్టిసాల్ ఎంత కలదో పరీక్షింతురు.

మందు తగ్గించుచుండగా వ్యాధిని అణచియుంచుటకు వేరొక మందు తోడుండవలెను. ఇచ్చట తెలుగువారు గర్వింపదగిన సంగతి యున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తోబుట్టువులను స్ప్రూ అను జీర్ణవ్యాధి వాత పడగా చూచినవారు. తామును దానితో బాధపడినవారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో వారి ఆధ్వర్యమున 1945లో ఫోలిక్ ఆమ్లము, తరువాత దానికి విరోధులైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ సిద్ధమయ్యెను. 1951లో గుబ్నర్ అను వైద్యుడు అమినోప్టెరిన్ కీళ్ళవాతమునకు పనిచేయునని చూపెను. 1988లో అమెరికా ప్రభుత్వము మెథోట్రెక్సేట్‌ను ఈ వ్యాధికి అంగీకరించెను. నేడు ఎందరికో స్టీరాయిడు తగ్గించుటకు ఊతకఱ్ఱ ఈ మందే. దాని దోషములను తగ్గించుటకు తోడుగా ఇచ్చు మాత్ర ఫోలిక్ ఆమ్లమే! రెండును ఆ ఒక్క ప్రయోగశాలనుండి వచ్చినవి. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో మరణించిరి. హెంచ్ తొలి సూదిమందు ఇప్పించుటకు అప్పటికింక ఆరు వారములున్నది. ఒక హెచ్చరిక: మెథోట్రెక్సేట్ కీళ్ళవాతమునకు వారమునకొక దినము మాత్రమే వాడునది; పొరపాటున ప్రతిదినము మ్రింగి ప్రాణము మీదికి తెచ్చుకొన్నవారున్నారు. గర్భిణులకు ఇది పనికిరాదు.

అందఱును పూర్తిగా మానుకొనగలరా? 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పరిశీలనలో, టోసిలిజుమాబ్ అను మందు తోడుగా వ్యాధి నెమ్మదించినవారికి 5 మిల్లీగ్రాములనుండి 16 వారములలో పూర్తిగా తగ్గించి చూచిరి. నూటికి 65 మందికి సాగినది. మానక కొనసాగించినవారిలో 77 మంది నెమ్మదిగా ఉండిరి. కాబట్టి చివరి మాత్ర విడువలేకపోయిన ఇల్లాలిని "నీకు పట్టుదల లేదు" అని దెప్పుట అన్యాయము.

దీవులలోని వారికి ప్రత్యేకముగా చెప్పవలసినది నౌకా ప్రయాణమును గూర్చి. శ్రీవిజయపురమని 2024లో పేరు మారిన పోర్టు బ్లెయరునుండి విశాఖపట్టణమునకో చెన్నపట్టణమునకో పోవుటకు రెండు మూడు దినములు. సముద్రము పొంగినచో వాంతులు తప్పవు. అందఱికిని అది మామూలు బాధ. మందు తగ్గించుకొనుచున్నవారికి అట్లు కాదు. మ్రింగిన మాత్ర కడుపులో నిలువదు, గ్రంథి ఇంకను మేలుకొనలేదు. రక్తపుపోటు పడిపోయి స్పృహ తప్పవచ్చును. అట్టి సమయమున హైడ్రోకార్టిసోన్ సూదిమందు ఆలస్యము లేక పడవలెను. నౌక ఎక్కగనే అందలి వైద్యునికి సంగతి తెలుపవలెను. తీవ్ర జ్వరము వచ్చినను, శస్త్రచికిత్స జరుగవలసియున్నను మోతాదు తాత్కాలికముగా పెంచవలసియుండును. ఎంత పెంచవలెనో ముందే వైద్యునిచేత వ్రాయించుకొనవలెను. ఆ చీటియు, రెండు వారములకు సరిపడు అదనపు మాత్రలును చేతిసంచిలోనే ఉండవలెను గాని, ఓడ అడుగున వేయు పెట్టెలో కాదు.