తుపాను పోయినను పోని భయము
(మన సంఘపు సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



1999 అక్టోబరు 29న వచ్చిన పెను తుపాను ఒడిశా తీరమున సుమారు 10 వేల ప్రాణములను బలిగొన్నది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మన గోపాల్‌పూర్ చెంతనే తీరము దాటినది. ఆ పర్యాయము లక్షలాది జనులను ముందుగనే సురక్షిత స్థలములకు చేర్చుటచే ప్రాణనష్టము స్వల్పమయ్యెను. ఇండ్లకు కప్పులు మరల వేసికొంటిమి. అంగళ్లు మరల తెరచితిమి. కాని కొందరి మనస్సులలో ఆ గాలి ఇంకను వీచుచునే యున్నది.

అట్టివారిని మీరును ఎరుగుదురు. తలుపు దబ్బున పడిన ఉలికిపడుదురు. పీడకలలతో నిద్ర చెడును. సముద్రము వైపు పోరు. ఆ మాట ఎత్తనీయరు. ఇట్టి లక్షణములు నెల దాటియు నిలిచి దినచర్యను చెరచినచో వైద్యులు దానిని ఆఘాతానంతర మానసిక వ్యాధి యందురు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము దీనిని తన వ్యాధుల పట్టికలో చేర్చినది. ఇది పిరికితనము కాదు. గాలి సోకుటయు కాదు.

దీనికి మాటలతోడి చికిత్స కలదు. 1960ల దశకమున ఆరన్ బెక్ అను అమెరికా వైద్యుడు మనోవ్యాకులతకై రూపొందించిన పద్ధతి దీనికి ఒక మూలము. ఆలోచనను, నడవడిని రెంటిని సరిదిద్దుట దీని మార్గము. సాధారణముగా వారమున కొక పర్యాయము చొప్పున 8 మొదలు 16 వారములు సాగును.

భయపడినవాడు భయహేతువును తప్పించుకొని తిరుగును. ఆ క్షణమునకు ఊరట కలుగును గాని, 'ఇప్పుడు అపాయము లేదు' అని మనస్సు నేర్చుకొను అవకాశము పోవును. అందుచే నిపుణుడు ఆ రాత్రి వృత్తాంతమును రోగిచేత నిదానముగా, పలుమార్లు చెప్పించును. విడిచిన స్థలములకు మెట్టు మెట్టుగా నడిపించును. నేడు వీధి చివరకు, పిదప ఇసుక వరకు. జ్ఞాపకము చెరిగిపోదు, దాని కాటు తగ్గును. 'నేను ముందుగా లేపియున్నచో అత్త బ్రతికెడిది' అని కుములువానిని, 'ఆ రాత్రి నీకు తెలిసిన దేమి? చేయగలిగిన దేమి?' అని సాక్ష్యమడుగును. వర్తకులమైన మేము రసీదు లేని పద్దును ఖాతాలో నిలువనీయము గదా! ఇదియు నట్టిదే.

అయితే చుట్టములు బలవంతముగా చెప్పించుట చికిత్స కానేరదు. శిక్షణ పొందినవారే చేయవలెను. కొందరికి మందులును అవసరమగును.

ఇక మన సంఘమునకు సంబంధించిన ముఖ్య విషయము. భయము తల్లిభాషలోనే మాటలాడును. మన పిల్లలు ఒడియాలో చదివిరి. మన ముదుసలులకు తెలుగే దిక్కు. మనుమని దుబాసిగా కూర్చుండబెట్టినచో అమ్మమ్మ నోరు విప్పునా? కావున రెండు భాషలును బాగుగా తెలిసి, రహస్యము కాపాడగల స్త్రీ పురుషుల పట్టికను సంఘము సిద్ధపరుపవలెను. అడిగిన కుటుంబమునకు వారు వైద్యశాలకు తోడు పోవలెను. రోగి పేరు సభలో గాని, పత్రికలో గాని, పెండ్లి సంబంధముల మాటలలో గాని దొరలరాదు. ఆ జంకు చేతనే పలువురు వ్యాధిని దాచుచున్నారు.

కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలిమానస్ 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును, రుసుము లేదు. ప్రాణము తీసికొందునను మాట ఎవరి నోట వినబడినను, వారిని ఒంటరిగా విడువక వెంటనే వైద్యుని కడకు గొనిపోవలెను.

తుపాను ముందు వృద్ధులను చేయిపట్టి ఆశ్రయమునకు నడిపించితిమి. తుపాను పిమ్మట ఆ చేయి విడుచుట మనకు తగదు. తోడు పోదలచినవారు నేడే తమ పేర్లు కార్యదర్శికి ఇయ్యవలెనని కోరుచు విరమించుచున్నాము.