పెళ్లికి అడిగితే లక్ష, చదువుకు అడిగితే ప్రశ్నలు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అనే లెక్కలన్నీ ఈ నివేదికలో ముందు పేజీల్లో ఉన్నాయి. వాటిని మళ్లీ చదవం. మా ఊళ్లో ఒక పిల్ల టీచరు ఎలా అయిందో చెబుతాం. అందులో మేం చేసిన మంచి కొంచెమే, చేసిన తప్పు పెద్దది. ఆ తప్పు మీ సంఘాల్లో జరగకూడదనే ఇక్కడ నిలబడ్డాం.

ఆ పిల్ల మా సంఘం సభ్యురాలి కూతురే. తండ్రి లేడు. అమ్మ మిరప కోతలకు, పొగాకు పనులకు పోయి పెంచింది. 2017లో ఇంటర్ పాసైంది. డిగ్రీలో చేరమని కొందరు, నర్సింగ్ అని కొందరు చెప్పారు. పిల్ల మాత్రం చిన్నప్పటి నుంచి ఒకటే మాట, పంతులమ్మనవుతానని. డీఈఈసెట్ రాసింది, ర్యాంకు వచ్చింది, మైనంపాడు డైట్‌లో సీటు దొరికింది. ప్రభుత్వ కాలేజీ కాబట్టి ఫీజు భారం తక్కువ. ఆ రెండేళ్ల కోర్సునే ఇప్పుడు డీఎల్ఈడీ అంటున్నారు. ఒకప్పుడు టీటీసీ అనేవాళ్లం.

ఆ రెండేళ్లు మా సంఘానికీ పనికొచ్చాయి. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు మా మీటింగులో కూర్చునేది. పాఠం చెప్పడం అలవాటు చేసుకోవాలి, మీ మీద చేసుకుంటానని నవ్వేది. చింతగింజలు చాప మీద పోసి వడ్డీ లెక్క చెప్పింది. నూరు గింజలు ఒక కుప్ప, దానికి నెలకు ఒక గింజ. పన్నెండు నెలలకు ఎన్ని గింజలు పక్కకు పోయాయో కళ్లతో చూపించింది. అప్పటిదాకా వేలిముద్ర వేసే ముగ్గురు ఆమె దగ్గరే సంతకం నేర్చుకున్నారు. మినిట్స్ పుస్తకంలో ఇప్పటికీ ఆ సంతకాలే ఉన్నాయి.

ఇక్కడిదాకా దారి బాగానే ఉంది. అసలు కష్టం చదువు అయిపోయాక వచ్చింది.

2018లో డీఎస్సీ పడినప్పుడు మా పిల్ల ఇంకా రెండో సంవత్సరంలో ఉంది. కోర్సు పూర్తికాలేదు కాబట్టి రాయడానికి లేదు. 2019లో బయటికొచ్చింది. వచ్చే ఏడు పడుతుంది, వచ్చే ఏడు పడుతుంది అనుకుంటూ ఉండగానే కరోనా వచ్చింది. ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంటే ఆ బడి మూతపడింది, జీతం ఆగింది. ఆ ఎండాకాలం అమ్మతో పాటు మిరప కోతకు పోయింది. సాయంత్రం ఇంటి అరుగు మీద వీధి పిల్లలను కూర్చోబెట్టి చదువు చెప్పింది. పైసా తీసుకోలేదు.

2022 ఆగస్టులో టెట్ పెట్టారు. 98 మార్కులు వచ్చాయి. బీసీ వాళ్లకు 75 వస్తే అర్హత. అందరం సంతోషపడ్డాం. కానీ టెట్ పాసైతే ఉద్యోగం వచ్చినట్టు కాదని అప్పుడే మాకూ తెలిసింది. టెట్ అనేది గేటు లాంటిది, డీఎస్సీయే అసలు పరీక్ష. ఆ డీఎస్సీ పడటం లేదు. ఊళ్లో మాటలు మొదలయ్యాయి. ఇరవై రెండేళ్లొచ్చాయి, ఇంకా ఎన్నాళ్లు కూర్చోబెడతావు, పెళ్లి చెయ్యి అని. ఆ మాటలు అన్నవాళ్లలో మేమూ ఉన్నాం. దాచుకోవడం లేదు.

2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. పిల్ల అవనిగడ్డ పోయి కోచింగ్ తీసుకుంటానంది. మన జిల్లా పిల్లలు కూడా డీఎస్సీ కోసం అక్కడికి పోవడం మీకు తెలిసిందే. ఫీజు, గది అద్దె, తిండి అన్నీ కలిపి నలభై వేలు కావాలని అమ్మ సంఘంలో అడిగింది.

అక్కలారా, ఆ నెల మీటింగులో ఇద్దరు అప్పు అడిగారు. ఒకామె కూతురి పెళ్లికి లక్ష అడిగింది. ఒక్కరం కూడా నోరెత్తలేదు. పెళ్లి ఆగకూడదు కదా అని తీర్మానం రాసేశాం. తర్వాత ఈమె నలభై వేలు అడిగింది. అప్పుడు మొదలుపెట్టాం ప్రశ్నలు. ఉద్యోగం వస్తుందని ఏం గ్యారంటీ? రాకపోతే ఎట్లా కడతావు? ఆడపిల్ల, రేపు అత్తగారింటికి పోతే ఆ జీతం నీకిస్తుందా? చివరికి వచ్చే నెల చూద్దాంలే అన్నాం. అంటే ఇవ్వం అని. ఆమె ఏమీ అనలేదు. లేచి వెళ్లిపోయింది.

ఆ వారమే మెళ్లో గొలుసు తాకట్టు పెట్టింది. నూటికి రెండు రూపాయల వడ్డీ. ఈ సంగతి మాకు ఎనిమిది నెలల తర్వాత తెలిసింది. మెడలో గొలుసు లేకపోవడం చూసి అడిగితే చెప్పింది.

పిల్ల నేర్పిన లెక్కే మేం చేసి చూసుకున్నాం. నలభై వేలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 800. మన సంఘంలో రూపాయి వడ్డీ అయితే 400. పదకొండు నెలలకు ఆమె బయట కట్టింది 8,800. మనం ఇచ్చి ఉంటే 4,400 సరిపోయేది, ఆ డబ్బు కూడా మన సంఘానికే వచ్చేది. వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కకూడదనే కదా మనం సంఘాలు పెట్టుకున్నది? పన్నెండేళ్లు ఒక్క కిస్తీ తప్పని సభ్యురాలిని మేమే ఆ గుమ్మం ఎక్కించాం.

ఇంకో దెబ్బ ఏమిటంటే, ఆ నోటిఫికేషన్ కూడా ఆగిపోయింది. పిల్ల పుస్తకాల సంచీతో ఇంటికి తిరిగొచ్చింది. రెండు రోజులు తలుపు తీయలేదు. మూడో రోజు లేచి మళ్లీ టెట్‌కు చదవడం మొదలుపెట్టింది. ఎందుకు మళ్లీ, పాసయ్యావు కదా అని అడిగాం. అప్పుడు చెప్పింది. టెట్‌లో 150కి వచ్చిన మార్కులను 20కి కుదించి డీఎస్సీలో కలుపుతారంట. డీఎస్సీ పరీక్షకు 80, దీనికి 20. 98 మార్కులకు పదమూడే వస్తాయి. ఇంకో ఇరవై మార్కులు పెంచుకుంటే దాదాపు మూడు మార్కులు కలిసొస్తాయి. అర మార్కు తేడాతో ఉద్యోగాలు పోయేచోట మూడు మార్కులంటే మాటలా? 2024 అక్టోబరు టెట్‌లో 121 తెచ్చుకుంది.

ఆ తర్వాత జనవరి మీటింగులో మేమే ఆ అమ్మను పిలిచి నలభై వేలు ఇచ్చాం. గొలుసు విడిపించుకుంది. పరీక్ష అయ్యేదాకా వడ్డీ మాత్రమే కట్టేలా, ఆ తర్వాత కిస్తీలు కట్టేలా తీర్మానం రాశాం. అప్పుడు ఒక పెద్దామె అన్న మాట మాకు బాగా నాటింది. పాడి గేదెకు అప్పు ఇచ్చేటప్పుడు ఎన్ని లీటర్లు ఇస్తుందో రాసివ్వమని అడిగామా? గేదె చచ్చిపోయినా అప్పు కట్టినవాళ్లు మనలో ఉన్నారు. అప్పు ఇచ్చేది గేదెను చూసి కాదు, మనిషిని చూసి. ఈ చిన్న సంగతి మాకెందుకు అంత ఆలస్యంగా తెలిసిందో మాకే అర్థం కావడం లేదు.

2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ పడింది. చేతిలో నెలన్నర. ఈసారి కోచింగ్‌కు పోలేదు. ఇంట్లో అమ్మ వంట పని ముట్టుకోనివ్వలేదు. మాలో ఒకరి డాబా మీద గది ఖాళీగా ఉంటే తాళం ఆమెకిచ్చాం. కరెంటు పోతే చార్జింగ్ లైటు ఇచ్చాం. మేం చేసింది అంతే. చదివింది ఆమె. సెకండరీ గ్రేడ్ టీచరుగా ఎంపికైంది. సెప్టెంబరు 25న నియామక పత్రాలు ఇచ్చారు. దసరా తర్వాత బడిలో చేరింది. ఇద్దరు టీచర్లున్న చిన్న బడి. ఒకటో తరగతి పిల్లలకు చింతగింజలతోనే లెక్కలు చెబుతోందంట.

చప్పట్లు కొట్టే ముందు ఒక్క మాట. మా ఊరి నుంచి ఆ డీఎస్సీ రాసింది ముగ్గురు పిల్లలు. వచ్చింది ఒక్కరికే. మిగతా ఇద్దరూ తక్కువ కష్టపడలేదు. ఒకమ్మాయి కొద్ది మార్కుల్లో పోగొట్టుకుని ఇప్పుడు పక్క ఊరి ప్రైవేటు బడిలో చెబుతోంది. ఇంకో అమ్మాయికి పెళ్లయింది, చంకలో పిల్లతో చదువుతోంది. వాళ్ల అమ్మలు కూడా మన సభ్యులే. ఉద్యోగం వచ్చిన పిల్లకు శాలువా కప్పి, రాని పిల్లలను మర్చిపోతే మనం నేర్చుకున్నది ఏమీ లేనట్టే.

మీ ఇళ్లలో ఇంటర్ చదివే ఆడపిల్లలు ఉంటే ఈ నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పాలంటే ఇంటర్ తర్వాత డీఎల్ఈడీ దారి. బీఈడీ చేసినవాళ్లు ఆ పోస్టులకు అర్హులు కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. హైస్కూల్లో చెప్పాలంటే డిగ్రీ, ఆపైన బీఈడీ. ఏ దారో ముందే తేల్చుకోవాలి. రెండు, టెట్ ఒకసారి పాసైతే ఆ అర్హత జీవితాంతం ఉంటుంది. మళ్లీ రాసి మార్కులు పెంచుకోవచ్చు. మూడు, ప్రైవేటు కాలేజీలో చేర్చే ముందు ప్రభుత్వ డైట్‌లో సీటుకు ప్రయత్నం చేయండి. నాలుగు, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో మన చేతిలో లేదు. ఆ ఖాళీ ఏళ్లలో పిల్ల నిలబడాలంటే ఇంట్లోవాళ్లూ సంఘమూ నిలబడాలి.

చివరగా ఈ మహాసభ ముందు మా గ్రామ సంఘం మూడు ప్రతిపాదనలు పెడుతోంది. ప్రతి సంఘం రుణ ప్రణాళిక రాసేటప్పుడు పెళ్లి, వైద్యం, పశువులతో పాటు పోటీ పరీక్షల చదువుకు కూడా ఒక గడి ఉండాలి. ఆ అప్పుకు పరీక్ష అయ్యేదాకా వడ్డీ మాత్రమే తీసుకోవాలి. మండల సమాఖ్య భవనంలో సాయంత్రం తర్వాత ఖాళీగా ఉండే గదిని చదువుకునే ఆడపిల్లలకు తెరిచి ఉంచాలి. బల్లలు మేం తెస్తాం. తాళం బాధ్యత వారానికొక గ్రామ సంఘం తీసుకుంటే సరిపోతుంది.

ఆ మీటింగులో లేచి వెళ్లిపోయిన మా సభ్యురాలు ఈరోజు ఈ సభలోనే మూడో వరుసలో కూర్చుంది. పేరు చెప్పొద్దంది, చెప్పం. ఆమెకు సంఘం తరఫున క్షమాపణ ఇంతవరకు చెప్పలేదు. అక్కా, తప్పు మాది. మీ అందరి ముందూ ఒప్పుకుంటున్నాం.