బద్మాషు అను మాట

నేడు ముచ్చటింపబోవునది ఒక తిట్టుమాటను గూర్చి. తిట్టును గూర్చి ప్రసంగమా యని చిరాకు పడవలదు.

హయత్‌నగరమునకు ఆ పేరు గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా తల్లియైన హయాత్ బక్షీ బేగమును బట్టి వచ్చినది. ఊరి పేరే పరభాషాపదమైనపుడు ఊరివారి తిట్లు మాత్రము అచ్చతెలుగున ఎట్లుండును? తెలంగాణమందంతటను వినబడు బద్మాషు అను మాట అట్టిదే. బద్ అనగా పారసీలో చెడ్డ. మాష్ అనునది అరబ్బీ; జీవనోపాధి యని యర్థము. ఈ రెండవ భాగము మీకు క్రొత్తది కాదు. నైజాము కాలమున పోషణార్థము ఇచ్చిన భూములను మదద్ మాష్ ఇనాములనిరి. 1955లో ఇనాముల రద్దు చట్టము వచ్చినను, పాతకాగితములలో ఆ మాట నిలిచియే యున్నది.

కావున బద్మాషనగా అల్లరివాడు కాడు, నోటిదురుసు గలవాడును కాడు. చెడ్డ బ్రతుకుతెరువు గలవాడు. బ్రిటిషు ఇండియాలో 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు 109వ సెక్షను, కనబడు జీవనాధారము లేనివానినుండి సత్ప్రవర్తనకు జామీను కోరుటకు వీలిచ్చినది. ఆ వలలో పడినవాడు తరచుగా పని దొరకని పేదవాడే. దొంగలెక్కలతో మేడ కట్టినవానికి జీవనాధారము కనబడుచునే యుండును గదా!

మన వాడుకయు ఇంచుమించు అట్లే పెడదారి పట్టినది. మొన్న ఒక వాకిట అవ్వ మనుమని "బద్మాష్!" అని కసరి, వెంటనే వాని చేత బెల్లపుముక్క పెట్టినది. ఆ తిట్టులో కోపము కంటె ముద్దే హెచ్చు. దానికి నాకాక్షేపణ లేదు. ఆ యరుగు మీదనే పెద్దమనుషులు, ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మినవానిని గూర్చి చెప్పుకొనుచు, "వాడు చాలాక్ మనిషి" అనిరి. చాలాక్ అనగా నేర్పరి. అనినవారి గొంతులో కొంత మెచ్చుకోలు కూడ వినబడినది. నాకు బాధ కలిగించినది అదియే. సరియైన మాట పిల్లవానికి పోయి, మెప్పుమాట మోసగానికి దక్కినది.

రెండవసారి కొన్నవాడు కూతురి పెండ్లికి దాచిన సొమ్ము ధారపోసెనట. పంచాయితీకి వచ్చి గుమ్మము కడ నిలుచుండెను. అమ్మినవాడు మాత్రము పెద్దల ప్రక్కన కుర్చీ లాగుకొని కూర్చుండెనట; లెమ్మని ఎవరును అనలేదట.